గుంట

మా వైపు ఆడపిల్లని గుంట అంటారు.
నేలలో తవ్విందీ గుంటే.
నాన్నకి రెండూ భయమే.

రాత్రి కూడు తిన్నాక, లైటు తీసేశాక,
చాప అంచున మోకాళ్ళ మీద కూర్చుని
నా చీలమండ పైన బొటనవేలితో నొక్కేవాడు.
జీడిపిక్కల రసానికి తోలూడి నల్లబడ్డ వేలు.
నొక్కి, తీసి, టార్చి వేసి చూసేవాడు.
తెల్లగా చిన్న గుంట.
ఒకటి. రెండు. మూడు.
అది పూడేదాకా ఆయన ఊపిరి కిందికి దిగేది కాదు.
తర్వాత తమ్ముడు లోకనాథం కాలు.
మేం కళ్ళు మూసుకునే ఉండేవాళ్ళం.
నిద్ర నటించడం
మా ఇంట్లో పిల్లలకి పలక కన్నా ముందొచ్చిన విద్య.

దండాసి చిన్నాన్న కాలి మీద పడ్డ గుంట పూడలేదు,
అరటిబోదెలో వేలు దిగినట్టు.
ఆ మరుసటేడు బైరాగి పెదనాన్న.
వారానికి రెండుసార్లు, కోడి కూయకముందు, పలాస బస్సు.
మోచేతి దగ్గర ఉబ్బిన నరం చూపించి
"చెయ్యెట్టి సూడు గుంటా, లోపల తుమ్మెదుంది" అని నవ్వేవాడు.
పెట్టాను. నిజంగానే ఉంది.
నాన్న నా చెయ్యి లాక్కెళ్ళి సబ్బుతో మూడుసార్లు కడిగాడు.
అంటుకుంటుందని కాదు,
ఇంకేం చెయ్యాలో తెలీక.

జీపుల్లో వచ్చినవాళ్ళు సీసాల్లో మా నీళ్ళు పట్టుకెళ్ళారు.
గొట్టాల్లో మా రక్తం పట్టుకెళ్ళారు.
మళ్ళీ వస్తామన్నారు.
ఫలానా అని తెలిస్తే నాన్న ఆ ఒక్కదానికే భయపడేవాడు.
తెలీలేదు గనక
బియ్యానికి భయం, ఎండకి భయం, ఒళ్ళునొప్పుల బిళ్ళకి,
బీల చేపకి,
కొబ్బరితోటలో మందు కొట్టిన రోజు గాలికి.
అన్నిటికన్నా మా నూతికి.

కంచిలి నుంచి సైకిలు మీద క్యాను తెచ్చేవాడు.
స్టీలు గ్లాసు లోపల మేకుతో గీసిన గీత,
అక్కడిదాకే.
బళ్ళో దాహమేస్తే ఆ గీత గుర్తొచ్చేది నాకు,
కుళాయి దాకా వెళ్ళి వెనక్కొచ్చేదాన్ని.
ఒకరోజు ప్రార్థనలో కళ్ళు తిరిగి పడ్డాను.
నాన్న పరుగున వచ్చాడు.
నా మొహం చూడలేదు,
కాలు చూశాడు.

ఆ రాత్రి చప్పుడు.
ధబ్. ఆగి, మళ్ళీ ధబ్.
నూతిలోకి మట్టి.
ముందు పారతో, తర్వాత తట్టతో,
గాలివానకి కూలిన కొబ్బరి మొద్దొకటి దొర్లించి,
ఆఖరికి ఉత్త చేతులతో.
అమ్మ బయటికొచ్చింది. అరవలేదు.
గట్టు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేసి
"పదమూడేళ్ళు ఈ నీళ్ళే తాగినాను కదా,
నన్ను కూడా కప్పెట్టీ" అంది.

పార కింద పెట్టాడు.
తెల్లారేదాకా గట్టుకి చెరోవైపు ఇద్దరూ.
ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు.
ఒక్కసారి మాత్రం నాన్న గొంతు,
"ఏదో నాకే వొచ్చీసినా బాగుణ్ణు.
ఈ ఎదురుసూపు తప్పును."

ఆ ఏడు వానలకి మట్టిలోంచి నీరు ఊరింది,
బురదగా, తర్వాత తేటగా.
పొద్దున్నే వంగి చూసేవాడు.
పెదాలు కదిలేవి. ఒకటి. రెండు.

ఆయనకి రాలేదు. లోకనాథానికి రాలేదు. నాకూ రాలేదు,
ఇంతవరకు.
ఈ 'ఇంతవరకు' నాన్న మాట.
పొలం తమ్ముడికి పోయింది, మాట నాకొచ్చింది.

నిన్న శ్రీకాకుళంలో మా ఇంట్లో పడుకున్నాడు.
దుప్పటి సర్దుదామని వెళ్ళాను.
కాళ్ళు బయటే ఉన్నాయి,
పగిలిన మడమలు, ఎండిన పిల్లల్లాంటి వేళ్ళు.
ఎంతసేపు నిలబడ్డానో.
కళ్ళు తెరవకుండానే అన్నాడు,
"నొక్కి సూడు గుంటా."

నొక్కాను.
చీకట్లో ఏమీ కనబడలేదు.
ఇద్దరం లెక్కపెడుతున్నాం.